అమ్మ ఇల్లు, కూతురి ఓటు

“కుట్టుమిషను వానలో తడిసిపోతోంది. ముందు దాన్ని లోపల పెట్టనియ్యి, తర్వాత తిడుదువు గాని,” అంది టెరియాపీ.

అకాయితి గుమ్మానికి అడ్డంగా నిలబడే ఉంది.

వరండాలో రెండు సూటుకేసులు, చుట్టి తాడుతో కట్టిన చాప, ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీల పెట్టె, దుప్పటి కప్పిన కుట్టుమిషను. వాటి వెనక వ్యాను తాళాలు వేళ్ళ మధ్య తిప్పుతూ పొకోయిన. భార్య మొహం వైపు తప్ప మిగతా అన్ని వైపులా చూస్తున్నాడు.

“నువ్వే తెచ్చావా వీటిని?” అంది అకాయితి భర్తతో.

“అత్తమ్మ ఫోన్ చేసి బండి తెమ్మంది. చర్చి సామానేమో అనుకున్నా.”

“చర్చికి దిండ్లెందుకు?”

“నేనూ అదే అడిగా. నోరు మూసుకుని బండి తోలమంది.”

టెరియాపీ కూతుర్ని భుజంతో పక్కకు నెట్టి లోపలికి వచ్చేసింది. డెబ్భై మూడేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుని తడిసిన చెప్పులు విప్పుకుంది.

“నిన్న సాయంత్రమే రాసిచ్చేశా,” అంది. “తొమ్మిదో నంబరు ఖాళీ చేస్తున్నానని. ఆఫీసులో పిల్ల ముద్ర కూడా కొట్టింది. ఇప్పుడు నేను మీ కౌన్సిల్ ఇంట్లో అద్దెకున్నదాన్ని కాదు. ఎల్లుండి నువ్వు నిక్షేపంగా చెయ్యెత్తు.”



ఆ చెయ్యెత్తడం గురించే వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ తిండి సయించడం లేదు. మిల్లు రోడ్డులో కౌన్సిల్ వాళ్ళు వృద్ధులకు అద్దెకిచ్చే వరస ఇళ్ళు అరవై రెండున్నాయి. నేల కింద చెమ్మ పట్టింది, బాగు చేయించినా లాభం లేదు అని ఇంజినీరు నివేదిక రాశాడు. వాటిని ఒక కంపెనీకి అమ్మేద్దామని మేయరమ్మ ప్రతిపాదన. మేయరుతో కలిపి సభలో పదకొండు మంది, కౌన్సిలరుగా అకాయితీ వాళ్ళలో ఒకతె. అకాయితిని కలుపుకుంటే అమ్మవద్దనేవాళ్ళు ఆరుగురు, అమ్మాలనేవాళ్ళు ఐదుగురు. కానీ కౌన్సిల్ వకీలు నియమం చూపించాడు. తల్లి ఆ ఇళ్ళలోనే అద్దెకుంటోంది కనుక అకాయితి ఓటు వేయకూడదు. ఆమెను తీసేస్తే ఐదుకు ఐదు. సమానమైతే మేయరుకు ఇంకో ఓటు ఉంటుంది. గురువారం పొద్దున పదింటికి సభ.

“ఎవర్నడిగి రాసిచ్చావు?” అంది అకాయితి.

“నా ఇల్లు. ఎవర్నడగాలి?”

“నన్నడగాలి! ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్తున్నా. ఎవరు బెదిరించినా ఇల్లు వదలకండి, కాగితాల మీద సంతకాలు పెట్టకండి అని. ఎన్ని వందల మందికి చెప్పానో. ఇప్పుడు సొంత తల్లి చేత నేనే ఖాళీ చేయించినట్టయింది.”

“నన్నెవరూ బెదిరించలేదు. నాకు బుద్ధి పుట్టింది, వచ్చా. ఏం, నీ ఇంట్లో నాకు చోటు లేదా?”

“చోటు సంగతి కాదమ్మా!”

“మరి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డావేం?”

పొకోయిన కుట్టుమిషను మోసుకొచ్చి మూల పెట్టి, తువ్వాలుతో తడి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

“ఒక మాటంటే కోప్పడవుగా?” అన్నాడు.

“కోప్పడతా.”

“అయినా అంటా. నువ్వు ఓటేస్తే మిగతా అరవై ఒక్క ఇళ్ళు నిలబడతాయి. అత్తమ్మకి మన ముందు గది ఉంది. నీకు కావలసింది వాళ్ళ ఇళ్ళు నిలవడమా, నీ మాట నిలవడమా?”

అకాయితి తువ్వాలు లాక్కుని బల్ల మీద విసిరి పెరట్లోకి వెళ్ళిపోయింది. కోపం అతని మీద కాదు. తల్లి “చెయ్యెత్తు” అన్న క్షణంలోనే, తన మనసులో ఎవరో చకచకా ఆరుగురినీ లెక్కపెట్టేశారు. సిగ్గుపడాల్సిన చోట ఆశ పుట్టింది. అదీ ఆమెను కాలుస్తున్నది.

పెరటి చూరు కింద నిలబడి వకీలుకు ఫోన్ చేసింది.

“మీ అమ్మగారు ఎందుకు ఖాళీ చేశారు?” అని అడిగాడాయన.

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. నడుం నొప్పి అనవచ్చు. చలి అనవచ్చు.

“నేను ఓటెయ్యాలని,” అంది.



“నిజం చెప్పారు, మంచిది. అకాయితి గారూ, మీరు ఓటు వేసి నెగ్గారనుకోండి. రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తారు. ఇల్లు ఖాళీ చేసింది ఓటు కోసమేనని తేలితే ఆ తీర్మానం కొట్టేస్తారు. ఇళ్ళూ పోతాయి, మీ పేరూ పోతుంది. నా మాట విని ఆ రోజు బల్ల దగ్గర కూర్చోకండి.”

లోపలికి వచ్చేసరికి టెరియాపీ చేమదుంపలు చెక్కు తీస్తోంది. అకాయితి ఎదురుగా కూర్చుని, వకీలు అన్నదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

కత్తి ఆగింది.

“అంటే ఊరికే రాసిచ్చానా?”

“నా కోసం ఇచ్చావమ్మా. కానీ పనికి రాదు.”

కత్తి మళ్ళీ కదిలింది. ఇక ఆ మధ్యాహ్నమంతా సూటుకేసులు విప్పమని ఎవరూ అనలేదు, విప్పవద్దనీ అనలేదు. పొకోయిన బస్సు డ్యూటీకి రెండు గంటలు ముందే బయల్దేరాడు.

సాయంత్రం పొకోయిన డ్యూటీ దిగి వచ్చాక, భోజనాల దగ్గర, కొబ్బరిపాలు పోసి ఉడికించిన ఆకుకూర కూతురి పళ్ళెంలో వడ్డిస్తూ, ఎవరితోనో అన్నట్టుగా అడిగింది టెరియాపీ.

“ఆ కొండ వీధిలో పన్నెండు కుటుంబాల్ని వెళ్ళగొట్టబోయారు, గుర్తుందా? అప్పుడు నీకు ఓటుందా?”

“లేదు.”

“ఎవర్నైనా వెళ్ళగొట్టగలిగారా?”

“లేదు.”

“మరి ఏం చేశావేమిటి అప్పుడు?”

“ఏం చేశాను… ఇల్లిల్లూ తిరిగి చూశాను. కప్పులు, కుళాయిలు, గోడలు. యజమాని కాగితంలో రాసింది ఒకటి, అక్కడున్నది ఇంకోటి. అది పట్టుకున్నాం.”

“ఈ నివేదికలో రాసింది నువ్వెళ్ళి చూశావా?”

అకాయితి ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేసింది. ఆ నివేదికను మూడుసార్లు చదివింది. అంచుల్లో ప్రశ్నలు రాసింది. రెండు సభల్లో దాని మీద వాదించింది. నేల కింద చెమ్మ అని ఉంటే, అవును చెమ్మేనని నమ్మి, చెమ్మ ఉన్నా అమ్మకూడదని వాదించింది. మోకాళ్ళ మీద వంగి ఒక్క ఇంటి కిందా చూడలేదు.

“చూడలేదు,” అంది చిన్నగా.

“ఆ కౌన్సిల్ కుర్చీ మెత్తగా ఉంటుంది కాబోలు.”

పొకోయిన దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“నా కాగితం రేపు నేనే వెనక్కి తీసుకుంటా,” అంది టెరియాపీ. “అల్లుడూ, మళ్ళీ బండి తియ్యాలి.”

“అందుకే నేను సూటుకేసులు లోపలికి తేలేదు అత్తమ్మా.”

*

బుధవారం పొద్దున ఆఫీసులో ఆ పిల్ల పాత కాగితం బయటికి తీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టింది.

“ఒక్క రోజులో మనసు మార్చుకున్నారేం, టెరియాపీ గారూ?”

“మా అమ్మాయి ఇంట్లో టీవీ సరిగ్గా రాదమ్మా.”

మిల్లు రోడ్డులో పదో నంబరు క్లారీ గుమ్మంలోనే ఎదురయ్యాడు. ఎనభైకి ఒక్క ఏడాది తక్కువ. జీవితమంతా తాపీ పని చేసిన మనిషి, ఇంకా చేతులు ఊరుకోవు. కుట్టుమిషనుకు ఒక పక్క పొకోయిన, ఇంకో పక్క ఆయన పట్టుకుని లోపల పెట్టారు. బయటికి వచ్చి చూస్తే కౌన్సిలరమ్మ తడి గడ్డిలో బోర్లా పడుకుని ఉంది, చేతిలో టార్చి లైటుతో.

“ఏం పారేసుకున్నావమ్మాయ్?”

“నేల కిందికి గాలి ఎటునుంచి వెళ్తుందో చూస్తున్నా, క్లారీ బాబాయ్.”

“చూడ్డానికేముంది? ఇంటికి ఎనిమిది రంధ్రాలు, జానెడు వెడల్పు, ఇనప జాలీ బిగించి పెట్టాం. ఈ వరసంతా నా చేత్తో కట్టిందే. డెబ్భై ఒకటిలో.”

“ఎక్కడున్నాయి?”

“అదిగో, అక్కడే…” అంటూ ఆయన వంగాడు.

చెయ్యి గోడ మీద పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరికి జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. నున్నటి సిమెంటు పూత. రోజూ దాని పక్క నుంచే నడిచి వెళ్తాడు, ఎనిమిదేళ్ళుగా. ఆయన మొహంలో రంగు మారింది. మూల నుంచి అడుగులు కొలిచి, ఒక చోట జేబులోని స్క్రూడ్రైవరు తీసి పిడితో తట్టాడు. డొల్లగా మోగింది.

“సుత్తీ ఉలీ పట్టుకురా నాయనా. నా తలుపు వెనక ఉన్నాయి,” అన్నాడు పొకోయినతో.

ఐదు దెబ్బలకు పెచ్చు ఊడి పడింది. లోపల్నుంచి చల్లటి, ముక్కిన వాసన గుప్పుమంది. తుప్పు పట్టిన జాలీ కనిపించింది.

“మూసేశారు!” అన్నాడు క్లారీ, గడ్డిలో చతికిలబడి. “బయటి గోడలకి పూత వేశారే ఆ కాంట్రాక్టు వాళ్ళు, రంధ్రాల మీద కూడా పాముకుంటూ పోయారు. ఊపిరి ఆడకుండా చేసి, ఇప్పుడు రోగం వచ్చిందంటున్నారు!”

“అమ్మా!” కిటికీలో ఉన్న తల్లిని కేకేసింది అకాయితి. “నీ ఇంట్లో బూజు ఎప్పట్నుంచి?”

“ఆ పూత వేసిన మరుసటి చలికాలం నుంచి. నీకు అప్పుడే చెప్పాగా. హీటరు పెట్టుకోమన్నావు.”

అకాయితి ఆ మాటను తల వంచి భరించింది.

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఎవరూ కూర్చోలేదు. క్లారీ తట్టడం, అకాయితి మోకాళ్ళ మీద వంగి లైటు వెయ్యడం, టెరియాపీ చర్చి పాటల పుస్తకం వెనక పేజీల్లో ఇంటి నంబర్లు రాసుకోవడం. వరసకు కొన్ని చొప్పున పదకొండు ఇళ్ళు తెరిచారు. పదకొండూ అంతే. నాలుగో వరసలో ఒక పెద్దావిడ టీ తెచ్చి ఇచ్చి, “కౌన్సిలరమ్మ మోకాళ్ళు చూడండే!” అంటే అందరూ నవ్వారు. అకాయితీ నవ్వింది. గోళ్ళ నిండా మట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా తడి. ఇంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

*

గురువారం సభ మొదలవగానే అకాయితి లేచి, “ఈ విషయంలో నాకు సొంత సంబంధం ఉంది. మా అమ్మ తొమ్మిదో నంబరులో ఉంటోంది,” అని చెప్పి బల్ల దగ్గర్నుంచి దిగి వచ్చింది. ప్రజలు కూర్చునే వైపు మూడో వరసలో, తల్లి పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ వరసంతా తమ ద్వీపపు ఆచారం ప్రకారం తల మీద పూల కిరీటాలు పెట్టుకున్న చర్చి అమ్మలే. ఒకామె జరిగి, అకాయితి ఒడిలో బిస్కట్ల డబ్బా పెట్టింది.

మొదటి అరగంట ప్రజలు మాట్లాడవచ్చు. క్లారీ టోపీ తీసి, సంచీలోంచి ఊడగొట్టిన పెచ్చు తీసి బల్ల మీద పెట్టాడు.

“బల్ల మీద మట్టి పడుతోంది, క్లారీ గారూ,” అంది మేయరమ్మ.

“మట్టి కాదమ్మా, సిమెంటు. మీ కౌన్సిలే వేయించింది. ఇటు చూడండి, పూత. అటు తిప్పండి, జాలీ అచ్చు.”

పెచ్చు చేతులు మారి హాడో దగ్గర ఆగింది. ఊళ్ళో ఎన్నో ఇళ్ళు అద్దెకిచ్చే మనిషి. ఇరవై ఏళ్ళ కిందట కారుతున్న కప్పు గురించి అకాయితి ఆయన్ని అద్దె తగాదాలు తీర్చే ట్రిబ్యునల్‌కి ఈడ్చి నెగ్గింది. అప్పట్నుంచి ఆమె అవునన్నదానికి ఆయన కాదనడమే రివాజు. అమ్మాలనే ఐదుగురిలో ఆయన ఒకడు.

“ఎన్ని ఇళ్ళు చూశారు?” అన్నాడు పెచ్చు మీంచి కళ్ళెత్తకుండా.

“పదకొండు.”

“అన్నిట్లో ఇంతేనా?”

“అన్నిట్లో.”

“మరి నేల చెక్కలు?”

“పైన నల్లబడ్డాయి. పొడిచి చూశా. లోపల గట్టిగానే ఉన్నాయి.”

హాడో ఇంజినీరు వైపు తిరిగాడు. “మీవాళ్ళు కింద దూరి చూశారా?”

“మేం యంత్రంతో తేమ కొలిచామండీ.”

“దూరారా లేదా?”

“లేదండీ.”

సభలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంకెవరైనా మాట్లాడతారా అని మేయరమ్మ అడిగింది. అకాయితి పక్కన కుర్చీ కిర్రుమంది. టెరియాపీ లేచి నిలబడింది.

“అమ్మా, కూర్చో,” అంది అకాయితి పళ్ళ బిగువున.

“సోమవారం నేను ఇల్లు ఖాళీ చేస్తానని రాసిచ్చాను,” అంది టెరియాపీ సభతో. “నా కూతురు ఓటెయ్యాలని. అది తప్పని వకీలు గారు చెప్పారట. నిన్న వెనక్కి తీసుకున్నాను. రేపు ఎవరో ఒకరు చాటుగా చెప్పుకునే కంటే నేనే చెప్తే నయం కదా.”

అకాయితి రెండు చేతుల్తో బిస్కట్ల డబ్బా నొక్కి పట్టుకుంది. వెనక వరసలో విలేకరి పెన్ను చప్పుడు ఆమెకు వినిపిస్తోంది.

“ఇప్పుడు నా కూతురికి ఓటు లేదు, నాకు ఇల్లుంది. మీకు ఓటుంది. క్లారీ చెప్పింది విన్నారు, ఆ ముక్క చేత్తో పట్టుకుని చూశారు. ఇంక నేను చెప్పేదేం లేదు.” కూర్చోబోయి మళ్ళీ నిలబడింది. “బయట డోనట్లు పెట్టాం. ఎటు ఓటేసినా తిని వెళ్ళండి.”

మొదట నవ్వింది మేయరమ్మే.

ఓటింగుకు ముందు హాడో మైకు దగ్గరికి లాక్కున్నాడు. “నేను ఇళ్ళు అద్దెకిచ్చేవాణ్ణి. లాభం లేని ఇల్లు అమ్మేసే రకాన్ని. దాన్ని దాచుకోను. కానీ గాలి రంధ్రాలు మనమే మూసేసి, చెమ్మొచ్చిందని ఇల్లమ్మితే నా దగ్గర పనిచేసే మేస్త్రీలే నవ్వుతారు.”

అమ్మాలనేవాళ్ళు చేతులెత్తారు. నలుగురు. వద్దనేవాళ్ళు ఆరుగురు.

మేయరమ్మ ఫలితం చదవడం పూర్తి కాకముందే చర్చి అమ్మలు పాటెత్తుకున్నారు. ఒకరు అందుకుంటే ఇంకొకరు కింద శ్రుతి పట్టారు. క్లారీకి వాళ్ళ ద్వీపపు భాష రాదు, అయినా చప్పట్లు కొడుతున్నాడు. అకాయితి భుజాలు ఒక్కసారిగా దిగిపోయాయి. వారం రోజులుగా అవి చెవుల దాకా లేచి ఉన్నాయని అప్పుడే తెలిసిందామెకు. తల్లి భుజం మీద తల ఆనించి, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా ఏడ్చింది.

బయట డోనట్ల దగ్గర హాడో ఎదురుపడ్డాడు.

“ఇదే సంగతి మీరు చెప్పి ఉంటే వినేవాణ్ణి కాదు,” అన్నాడు.

“తెలుసండీ.”

“ఆ కప్పు అప్పుడే బాగు చేయించాను. మీకెవరూ చెప్పి ఉండరు.”

“వెళ్ళి చూశాను.”

ఆయన నవ్వాలో వద్దో తేలక ఇంకో డోనట్ తీసుకున్నాడు.

*

మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. తొమ్మిదో నంబరు బయట క్లారీ, ఇంకో ఇద్దరూ అప్పుడే ఉలి పట్టుకుని మిగతా రంధ్రాలు తెరుస్తున్నారు. లోపల టెరియాపీ కిటికీ పక్కన కూర్చుని, చర్చి అమ్మలంతా కలిసి కుడుతున్న పువ్వుల దుప్పట్లో తన వంతు ముక్క ముందేసుకుంది. అకాయితి మంచం మీద కాళ్ళు చాపింది.

“అమ్మా, అక్టోబరు ఎన్నికల్లో నేను మళ్ళీ నిలబడను.”

సూది ఆగలేదు.

“నిన్న గడ్డిలో పడుకున్నప్పుడే అనిపించింది. ఈ మూడేళ్ళలో అంత హాయిగా ఎప్పుడూ లేను. ఇవాళ కూడా బల్ల దిగి మీ పక్కన కూర్చున్నాకే నా ప్రాణం నాకొచ్చింది. నా పని ఇక్కడమ్మా. అక్కడ కాదు.”

“వద్దన్న ఐదుగురూ ఎక్కణ్ణుంచి వచ్చారు? మూడేళ్ళు వాళ్ళతో కూర్చుని, వాళ్ళ సోదంతా విని, ఒక్కొక్కరినీ ఇటు తిప్పిందెవరు?”

“నేనే. కాదనను. ఇంకెవరైనా తిప్పుతారు.”

“ఎవరు?”

అకాయితి చాలా పేర్లు ఆలోచించింది. ఒక్కటీ బయటికి అనలేదు. గోడ అవతల ఉలి చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది.

టెరియాపీ దారం కొరికి ముడి వేసింది.

“పేర్లు ఎప్పటిలోగా ఇవ్వాలి?”

“ఆగస్టు మొదట్లో. ఎందుకు?”

“నామినేషన్ మీద ఇద్దరు సంతకం పెట్టాలి కదా?”

“పెట్టాలి. ఎందుకమ్మా?”

“ఒకటి క్లారీ పెడతాడు. రెండోది ఆ హాడో గారిని అడిగితే బావుంటుందా, మరీ వేళాకోళంగా ఉంటుందా?”

అకాయితి పగలబడి నవ్వింది. నవ్వుతూనే తల్లి వైపు చూసింది.

టెరియాపీ నవ్వడం లేదు. కళ్ళద్దాలు ముక్కు మీదికి దింపుకుని, కూతురు నవ్వడం పూర్తయ్యేదాకా ఓపిగ్గా చూస్తోంది.

“ఏం, డెబ్భై మూడు మరీ ఎక్కువా?” అంది.